మార్జిన్‌లో కాపురం

పేరు తూలిక్కి.
మన తూలికకి ఒక వత్తు ఎక్కువ, అంతే.
చేతిలో మాత్రం కుంచె కాదు,
ఆఫీసు వాళ్ళిచ్చే నీలం బాల్‌పెన్,
నెలకి రెండు, సంతకం పెట్టి తీసుకోవాలి.

ఫిన్లాండులో తుర్కు అనే ఊరు. నీళ్ళ ఆఫీసు.
కింది అంతస్తులో ఫిర్యాదుల బల్ల.
నవంబరు, నాలుగింటికే చీకటి.
ఫోను ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది.
కుడిచెయ్యి ఖాళీ.
ఖాళీ చెయ్యి ఊరుకోదు కదా.

"కుళాయి మూలుగుతోంది, ముక్కుతోంది, నీళ్ళు మాత్రం రావు"
అంటోంది అవతల ఎవరో.
ఒక సున్నా చుట్టింది.
సున్నాకి మెడ, మెడ చివర బొట్టు,
బొట్టు కింద, ఎందుకో మరి, జేబురుమాలు.
అలా పుట్టింది జలుబు చేసిన కుళాయి.
పుట్టిందని తనకే తెలీదు. కాగితం తిప్పేసింది.

కాఫీ కప్పు అచ్చు మీద రెండు చుక్కలు పెడితే
ఒక లావుపాటి ఆసామి, నిద్ర చాలనివాడు.
మర్నాడు కప్పు వంకరగా పెట్టింది, సగమే పడింది అచ్చు:
ఆసామి తలుపు చాటునుంచి తొంగి చూస్తున్నాడు.

మొదటిసారి గీస్తే పొరపాటు.
పదోసారి అదే ముక్కు అదే వంకరలో రావాలంటే
నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోవాలి.
పొరపాటుని పొల్లుపోకుండా మళ్ళీ చెయ్యడం
ఎంత కష్టమో ఎవరూ చెప్పరు.

రోజూ పదకొండింటికి ఇల్మో కార్పి.
"రాత్రంతా గొట్టంలో ఎవరో తలుపు కొడుతున్నట్టు చప్పుడు."
రెండుసార్లు మనిషిని పంపారు. గొట్టం నిక్షేపంలా ఉంది.
మూడోసారి ఆమె అడిగింది, "ఎన్ని దెబ్బలు?"
"ఏడు. ఆగి, రెండు."
వింటూ గీతలు పెట్టుకుంది.
ఏడూ ఈకలయ్యాయి, రెండూ కాళ్ళయ్యాయి.
మఫ్లరు చుట్టుకున్న కొంగ ఒకటి
గొట్టానికి చెవి ఆనించి నిలబడింది.

ఒక శుక్రవారం
ఆ కొంగని కుళాయి మీద కూర్చోబెడదామనుకుంది.
కూర్చోలేదు.
కాలు మడవదు. పెన్ను ఎటు తిప్పినా
పరాయి ఇంటికొచ్చిన చుట్టంలా నిలబడే ఉంది.
గీసిన గీత కాదనడం నేర్చాక
పేరు పెట్టక తప్పదు.
పెట్టింది. నాకు చెప్పలేదు.

ఇక ఆగుతాయా.
కుళాయి తుమ్మింది, ఆసామి గొడుగు తెరిచాడు.
గొడుగు ఎవరిదని కొంగ అడిగింది.
అడిగింది కనక మాటకో బుడగ కావాల్సొచ్చింది,
బుడగ చోటంతా తినేసింది కనక
పన్నెండో నంబరు ఇంటి నేలమాళిగలో నీళ్ళ సంగతి
కొంగ మెడ వంపులోకి జరిగింది.

పై అధికారి హెల్లెవి కాగితం నిలువుగా, అడ్డంగా తిప్పి
"నేలమాళిగ ఎవరైనా చూశారా?" అంది ముందు.
తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి,
"ఇంతకీ గొడుగు ఎవరిది?"

ఫిబ్రవరిలో ఇల్మో తనే వచ్చాడు, బూట్ల నిండా మంచు.
బిల్లు కట్టడానికట.
అద్దం అవతలనుంచి కాగితాన్ని తలకిందులుగా చూశాడు.
మఫ్లరు సర్దుకున్నాడు, చాలాసేపు.
"నా కాళ్ళు మరీ అంత సన్నం కాదు."
ఆమె చెవులు ఎర్రబడ్డాయి.
"సరే, గొట్టంలో ఉన్నవాణ్ణి ఇంకా గియ్యలేదేం?"

ఊరి నడుమ నది పేరు ఔరా.
మనకి ఆశ్చర్యం, వాళ్ళకి నీళ్ళు.
ఆ సాయంత్రం మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే
తూలిక్కి వంతెన మీద ఆగింది.
చేతి తొడుగు తీసి
కమ్మీ మీది మంచులో వేలితో గీసింది:
ఏడు. ఆగి, రెండు.

మర్నాడు కాగితం కింది మూల
ఏదో ఉంది. ఇంకా ముడే, దారం చిక్కులాంటిది.
కుళాయి, ఆసామి, కొంగ
ముగ్గురూ అటే తిరిగి ఉన్నారు.
వాళ్ళని తను తిప్పలేదు.

ఫోను మోగింది.
"నీళ్ళ ఆఫీసు. చెప్పండి."